మెయిన్ ఎత్తిన చెయ్యి

మాటకు కూడా సరుకులాగే ఒక అదను ఉంటుందని విఠల్ నమ్మకం. తొందరపడి బయటపెడితే విలువ దక్కదు, దాచి దాచి ఉంచితే పుచ్చిపోతుంది. కాజీపల్లి తోవలో ఎలక్ట్రికల్ దుకాణం పెట్టిన నాటి నుంచి కంపెనీల కాంట్రాక్టర్లతో, కొత్తగా ఇల్లు లేపుతున్న రైతులతో, కిరాయి గదికి ఒక్క బల్బు కొనుక్కుపోయే బిహారీ కూలీలతో బేరాలాడి ఆడి, ఎవరి ముందు ఎంత మాట పెట్టాలో అతనికి అలవడిపోయింది. అట్లాంటి విఠల్ దగ్గర ఇప్పుడొక మాట ఉంది. అది చెబితే ఒక ఆడమనిషి ప్రాణం నిలవదు. చెప్పకపోతే ఇంకో ఆడమనిషికి నిలువ నీడ ఉండదు. తక్కెడ ఎటు వంచినా పోయేది మనిషే.

ఆ మాట ఇది: అతని బామ్మర్ది సందీప్ కరెంటు తగిలి చనిపోయిన పొద్దున, సందీప్ ఆపి ఉంచిన కరెంటు మెయిన్‌ను మళ్లీ పైకెత్తిన చెయ్యి ఎవరిదో విఠల్‌కు తెలుసు. అతనికొక్కడికే తెలుసు. తాను ఎత్తినందుకే సందీప్ పోయాడన్న సంగతి, ఎత్తిన మనిషికి కూడా తెలియదు.

ఆ ఇంట్లో అప్పటికే ఒక చావు జరిగి ఉంది. విఠల్ మామ పోచయ్య చేనుగట్టు మీద గుండె పట్టుకుని కూలబడి, ఇంటికి తెచ్చాక నడింట్లో ప్రాణం విడిచాడు. దినాలు నడుస్తున్నాయి. ప్రాణం పోయిన చోట దీపం పెట్టి, పెద్దకర్మ అయ్యేదాకా ఆరకుండా చూసుకోవడం వాళ్ల ఇళ్లలో ఆనవాయితీ. పోయిన మనిషి అన్ని రోజులూ ఇంట్లోనే మసులుతుంటాడని, దీపం కొండెక్కితే సొంత ఇల్లే కానరాక అల్లాడిపోతాడని పోచయ్య భార్య రాధమ్మ నమ్మకం. అయితే నడి ఎండాకాలం. పలకరింపుకు వచ్చినవాళ్లకు ఉక్క పోయకుండా సందీప్ పెద్ద కూలర్ తెచ్చి పెట్టాడు. ఆ గాలికి దీపం ఆరడం, రాధమ్మ గుండె బాదుకోవడం, మళ్లీ వెలిగించడం.

అప్పుడు విఠలే దుకాణం నుంచి చిన్న బల్బు, హోల్డరు తెచ్చి గోడ వారగా పెట్టాడు.

"అత్తమ్మా, ఇది గాలికి ఆరదు. నువ్వు జెర కన్ను మూసుకో."

"సల్లగుండు అల్లుడా. నాకు నిద్ర తెచ్చిచ్చినవ్," అంది రాధమ్మ.

చిన్న బల్బుతో ఇంతమందికి నెమ్మది దొరికిందంటే మంచి బేరమే అనుకున్నాడు విఠల్.

సందీప్ మందుల కంపెనీలో మెయింటెనెన్సు ఎలక్ట్రీషియన్. పెద్దకర్మకు చుట్టాలందరికీ మేడ మీద టెంటు వేసి అన్నం పెట్టాలనుకున్నారు. అక్కడికి ఫ్యాన్లకు, లైట్లకు లైను కావాలి. బయటి మనిషినెందుకు పిలవడం, నేనే గుంజుతా అన్నాడు. వైరు కోసం ముందురోజు బావ దుకాణానికి వచ్చి, ఎత్తు బల్ల మీద కాళ్లూపుతూ కూర్చున్నాడు.

"ఏందిరా, ఇంటి పనికి గూడ చేతులకు గ్లౌజులు తొడుగుతవా?" అని ఆటపట్టించాడు విఠల్.

"నవ్వకు బావా. మా కంపెనీల అయితే పని మొదలువెట్టకముందే మెయిన్‌కు నా తాళం ఏస్త. చాబి నా జేబుల. నా పేరున్న బిళ్ల తగిలిస్త. మేనేజరు దిగొచ్చినా దాన్ని ముట్టద్దు."

"మరి ఇంటికాడ గా తాళమేది? కొనుక్కపో, నాకింత గిరాకీ అయితది."

"ఇంటికాడ ఎవరున్నరు బావా, మా అమ్మ, రుచిత. వాళ్లున్నరని తాళమేస్తనా? దొంగలా ఏంది?" అంటూ నవ్వి, వైరు చుట్ట భుజాన వేసుకుని పోయాడు.

ఇంకా ఏదో సామాను తక్కువైందంటే తెల్లవారి విఠలే తీసుకెళ్లి ఆ ఇంటి అరుగు మీద పెట్టి, దుకాణం తెరవడానికి వచ్చేశాడు. ఇంకా షట్టరు పూర్తిగా ఎత్తలేదు, సందీప్ భార్య రుచిత ఫోను. "అన్నా, జల్దీ రా అన్నా, ఈయన పలుకుతలేడు," అంది. అంతే, మిగతాది ఏడుపు.

విఠల్ వెళ్లేసరికి అరుగు మీది డబ్బాలో మెయిన్ పైకి ఎత్తి ఉంది. దాన్ని కిందికి కొట్టి మేడ మీదికి ఉరికాడు. సందీప్ ఒక చెయ్యి ఒలిచిన వైరు మీద, ఇంకో చెయ్యి పిల్లరులోంచి పొడుచుకొచ్చిన ఇనుప సలాక మీద. పక్కనే టెస్టరు. అంటే చూసుకునే పని మొదలుపెట్టాడు. చూసినప్పుడు కరెంటు లేదు. వైరు చేత పట్టుకున్నాక వచ్చింది.

జనం వచ్చి కిందికి దించి, ఆటోలో వేసి సంగారెడ్డి ఆసుపత్రికి తీసుకుపోతున్నప్పుడు, విఠల్ చెప్పుల కోసం వంగాడు. మెయిన్ డబ్బా కింద గోడకు ఆనించి ఒక ఎండు కందికట్టె ఉంది. దాని పక్కనే రాధమ్మ రబ్బరు చెప్పులు. ఇంట్లో వాడే చెప్పులు కావవి, వాకిట్లోకి దిగేటప్పుడు తొడుక్కునేవి. రుచిత పొడగరి, ఆమె చెయ్యి చాపితే డబ్బా అందుతుంది. రాధమ్మకు అందదు.

సరుకు చూడగానే అసలేదో నకిలీ ఏదో పోల్చే కన్ను అతనిది. ఆ కట్టెను తీసి పొయ్యి కట్టెల కుప్పలో వేశాడు. చెప్పులను కాలితో తలుపు చాటుకు నెట్టాడు. ఎందుకు చేశాడో ఆ క్షణాన అతనికే తెలియదు. ఆటో హారను కొడుతోంది. ఎక్కేశాడు.

పోలీసులు అడిగారు, బంద్ చేసిన లైనులోకి కరెంటు ఎట్లా వచ్చిందని. మెయిన్ కట్కా సరిగ్గా పడి ఉండకపోవచ్చు సార్ అన్నాడు విఠల్. వాళ్లు ప్రమాదమని రాసుకున్నారు. కానీ మనుషులకు ఆ మాట ఆనలేదు. ఒక చావు మీద ఇంకో చావు పడ్డ ఇంట్లో ఎవరో ఒకరి పేరు దొరికితే తప్ప ఏడుపుకు దారి దొరకదు.

ఆ పేరు వెతికింది పోచయ్య చెల్లెలు బీరమ్మ. సందీప్‌కు మేనత్త. నోటి మనిషే గాని, ఆ పిల్లగాడిని సంకనేసుకుని పెంచిన మనిషి. సందీప్ పోయిన రోజు నడింటి గోడకు రుచిత ఫోను చార్జింగుకు పెట్టి ఉండడం ఆమె చూసింది.

"ఫోను సచ్చిపోయిందని పోయి మెయిన్ ఎత్తింది," అంది, బావి దగ్గర స్నానాలు చేస్తున్న ఆడవాళ్లందరి ముందు. "పైన మొగుడున్నడా, మన్నున్నదా అని సూడలే. గీ కాలపు పోరిలకు బుక్కెడు బువ్వ లేకున్నా నడుస్తది, గా ఫోను ఎలగకుంటే నడువది."

"నేను ఎత్తలే పెద్దమ్మా," అంది రుచిత. "అది పొద్దుగాలనే పెట్టిన. నేను ఎనుక బట్టలు పిండుతున్న."

"ఆ, దయ్యం ఎత్తింది."

పెద్దకర్మ ఇద్దరికీ కలిపి చేద్దామనుకున్నారు. అది కాగానే పెద్దమనుషులు కూర్చుని, రుచితను నర్సాపూర్ దిక్కున్న తల్లిగారింటికి తోలేయాలని మాట నడుస్తోంది. రుచిత కడుపుతో ఉంది. ఆమెకు తండ్రి లేడు. తల్లి తన అన్న పంచన బతుకుతోంది. మొగుడి ప్రాణం తీసిందన్న పేరు మూట కట్టుకుని ఆ వాకిట్లో దిగే పిల్లకు ఏ పాటి మర్యాద దొరుకుతుందో విఠల్ లెక్క వేయగలడు.

ఇంట్లో పెళ్లాం అరుణ కూడా మేనత్త మాటే పట్టుకుంది.

"అది కాకుంటే ఎవరు ఎత్తిన్రు మరి? గాలి ఎత్తిందా?" అని నిలదీసింది. "నా తమ్ముడు అంత తెలివైనోడు. బంద్ చెయ్యకుండ వైరు ముట్టడు. ఎవరో ఎత్తిన్రు. నువ్వు కరెంటు దుకాణమోనివే గద, చెప్పు."

విఠల్ చెప్పులేసుకుని బయటికి వచ్చాడు. పెళ్లయిన నాటి నుంచి భార్య అడిగిన లెక్కకు అతను జవాబివ్వకపోవడం అదే మొదలు.

ఒక ఆశ మిగిలింది. కట్టెను చూసి తాను అనుకున్నది తప్పు కావచ్చు. ఆ ఆశతోనే కొబ్బరిబోండం కొట్టించుకుని అత్తమ్మ దగ్గరికి వెళ్లాడు. రాధమ్మ వెనుక అర్రలో పడి ఉంది. కొడుకు పోయిన నాటి నుంచి అన్నం లేదు, లేచి నడింట్లోకి రావడం లేదు. ఎవరేమంటున్నారో వినే స్థితిలో లేదు. ఆడవాళ్లు కూడా ఆమె ముందు గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. కొడుక్కు కరెంటు కొట్టింది, అంతవరకే ఆమెకు చేరింది.

రెండు గుక్కలు తాగించాక అడిగాడు. "ఆ పొద్దుగాల నువ్వు యాడున్నవ్ అత్తమ్మా?"

"యాడుంట బిడ్డా. నడింట్ల పండుకున్న. లేసి సూస్తె మీ మామ కాడ నువ్వు పెట్టిన బుగ్గ ఆరిపోయి ఉన్నది. నా పానం జల్లుమన్నది. కరెంటు పోయిందనుకున్న, పక్కింట్ల పిండిగిర్ని నడుస్తనే ఉన్నది. పోయి సూస్తె డబ్బల కట్కా కిందికి పడి ఉన్నది. కూలర్ పెట్టినకాడికెల్లి అది ఊకె పడిపోతుండె గద."

"మరి ఏం చేసినవ్?"

"సందీపు చెప్పినట్టే చేసిన." ఆమె ఒక్కొక్కటీ చేతివేళ్ల మీద చెప్పింది, పాఠం అప్పజెప్పే పిల్లలాగా. "తడిచేతులతోని ముట్టద్దన్నడు. కొంగుకు తుడుసుకున్న. ఉత్త కాళ్లతోని నిలవడద్దన్నడు. వాకిట్లకెల్లి చెప్పులు తెచ్చుకొని తొడుక్కున్న. ఎండుకట్టెతోని మెల్లగ ఎత్తాలె అన్నడు. కట్టె గూడ వాడే ఆడ పెట్టిండు, 'అమ్మా, నీ సొంతం కట్టె, ఎవ్వరికియ్యకు' అని నవ్విండు. గట్లనే ఎత్తిన. బుగ్గ ఎలిగింది. 'ఇగో, చీకట్ల లేవు, భయపడకు' అన్న మీ మామతోని. గాయన పక్కన్నే కూసున్న."

"సందీప్ యాడున్నడో ఎరుకలేదా?"

"టెంటోల్ల కాడికి పోయిండనుకున్న బిడ్డా. పైనున్నడని నాకేమెరుక? నేను ఈడ మొగనికి ఎలుగుబెట్టుకుంట కూసుంటి, ఆడ నా కొడుకు పోయిండు." ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. మళ్లీ అంది, "ఏం వైరో అల్లుడా. ఏ కరాబు వైరో నా కొడుకును తిన్నది."

ఆమె మనసులో అరుగు మీది కట్కా వేరు, మేడ మీది వైరు వేరు. ఒకటి దీపానికి, ఒకటి టెంటుకు. ఆ రెండూ ఒకే నీళ్లు పారే కాలువ అని ఆమెకెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఎవరికి పడింది? విఠల్ దుకాణంలో ఆ చుట్టుపక్కల దొరికే వైరులోకెల్లా మంచి వైరు అది. ఇన్నేళ్ల వ్యాపారంలో తన సరుకును తాను కించపరచుకున్న మనిషి కాదు.

"ఔ అత్తమ్మా," అన్నాడు. "వైరే కరాబుది."

దుకాణానికి తిరిగి వచ్చి, గల్లా ముందు కూర్చుని, ఈ నష్టంలో ఎవరి వాటా ఎంతని వేసుకున్నాడు. సందీప్‌ది పెద్ద వాటా. కంపెనీలో పాటించే నియమాన్ని ఇంటి గడపలో విడిచాడు. తాళం లేకపోతే పోనీ, 'నేను మేడ మీద వైరు పట్టుకుంటున్న, కట్కా ముట్టకండి' అన్న ఒక్క కేక వేసినా సరిపోయేది. తల్లికి కట్కా ఎట్లా ఎత్తాలో ఓపికగా నేర్పాడు గాని, ఎప్పుడు ఎత్తకూడదో నేర్పలేదు. ఎత్తేముందు ఇల్లంతా వినపడేలా ఒక మాట అడగాలని చెప్పలేదు. మనిషికి కరెంటు తగలగానే దానంతటదే పడిపోయే మీట ఒకటి ఆ డబ్బాలో ఉండాలి. కొత్త ఇళ్లకు విఠల్ పట్టుబట్టి అమ్ముతాడు. ఈ ఇంటి వైరింగు పాతది, వర్షాకాలంలో మారుద్దామని మామ అన్నాడు, సరేనని విఠల్ ఊరుకున్నాడు. అది తన వాటా. దీపం స్థానంలో బల్బు పెట్టిందీ తనే. ఎంత తిప్పి వేసినా రుచిత పేరు మీద ఏమీ రాలేదు. రాధమ్మ పేరు మీద వచ్చింది కూడా ప్రేమే తప్ప తప్పు కాదు. కానీ ఊరు ఇట్లా వాటాలు వేయదు. మొత్తం తెచ్చి ఒక్కరి నెత్తిన పెడుతుంది.

మరునాడు ఆ ఇంటికి వెళ్తే రుచిత వెనుక అరుగు మీద బట్టలు మడతపెడుతోంది. సంచి అప్పటికే సగం నిండింది.

"అన్నా, ఒకటడుగుత, నిజం చెప్తవా?" అంది తలెత్తకుండా. "ఎవ్వరు ఎత్తకుంటే కరెంటు రాదు గద?"

విఠల్ సగం నిండిన సంచి వైపు చూశాడు.

"నేను ఎత్తలేదని అనుకుంటున్న. కాని అందరు అంటుంటే, నేనే ఎత్తి మరిసిపోయిన్నా అనిపిస్తున్నది. బట్టలు పిండుకుంట నడుమల లోపలికి పోయిన్నా? పోయిన్నేమో అన్నా. యాదికొస్తలేదు." ఆమె చెయ్యి పొట్ట మీదికి పోయింది. "రేపు వీడు పెద్దగైతే ఏమని చెప్తరు? మీ అమ్మనే తీసింది అని చెప్తరా?"

"నువ్వు ఎత్తలే చెల్లె," అన్నాడు విఠల్. "గది నేను ఖరారుగ చెప్తున్న."

"నీకెట్లెరుక?"

"ఎరుక. సంచి లోపల పెట్టు."

అప్పటికే అతను ఒక నిర్ణయానికి వచ్చాడు. నిర్ణయమంటే బేరమే. ఈ ఇద్దరు ఆడవాళ్లలో ఎవరూ ఈ నష్టాన్ని మోయలేరు. మోయగలిగినవాడు ఎవడని చూస్తే అతనొక్కడే. ఆ పొద్దున అతను సామాను దించడానికి ఆ ఇంటికి వచ్చిన సంగతి వాకిట్లో నలుగురూ చూశారు. 'బల్బు ఆరి ఉంటే నేనే మెయిన్ ఎత్తి పోయిన, పైన సందీప్ ఉన్నడని తెల్వక' అంటే ఎవరూ కాదనలేరు. బీరమ్మ శాపాలు పెడుతుంది, పెట్టనీ. దుకాణమోడే ఇట్ల చేసిండని గిరాకీ కొంత పోతుంది, పోనీ. అరుణ. అక్కడ కొంచెం ఆగాడు. అరుణ మొహం చూడదు. తమ్ముడిని తీసిన చెయ్యి అని పక్కన కూర్చోదు. ఏళ్లు పట్టొచ్చు. అయినా అరుణ గట్టిది, ఎప్పటికో ఒకనాటికి మనసు తిరుగుతుంది. రుచితకు ఆ ఎప్పటికో అన్నది లేదు. రాధమ్మకు అసలే లేదు.

అన్నీ వేసుకున్నాననుకున్నాడు. ఒక పద్దు వదిలేశాడు.

పెద్దకర్మ నాడు భోజనాలు అయ్యాక మేడ మీద కాక వాకిట్లోనే వేసిన టెంటు కింద పెద్దమనుషులు కూర్చున్నారు. పోచయ్య తమ్ముడి వరస యాదన్న మధ్యలో. ఆడవాళ్లు అరుగు మీద. రుచిత స్తంభానికి ఆనుకుని. రాధమ్మ వెనుక అర్రలో పడుకుని ఉంది. విఠల్ తానే వెళ్లి ఆ తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"ఇగ పిల్ల సంగతేంది?" అన్నాడు యాదన్న, ఎవరి వైపూ చూడకుండా.

"ఏముంది అన్నా," అంది బీరమ్మ. "ఈ గడపల ఉంచుకుంటే నేను పెంచిన పిల్లగాని పానానికి శాంతి ఉంటదా? వాళ్ల తల్లిని పిలిచి అప్పజెప్పున్రి."

"పుట్టబోయేది మన పిల్లనే గదనే బీరమ్మా."

"పిల్లను కన్నంక తెచ్చుకుందాం. దీని మొహం నేను సూడ."

విఠల్ లేచి నిలబడ్డాడు.

"మామా, రుచిత మీద మాట పడనియ్యకున్రి. ఆమె ఎత్తలే. నేనెత్తిన."

ఎవరికీ అర్థం కాలేదు.

"గా పొద్దున సామాను పెట్టనీకి వచ్చిన. మామ కాడ బుగ్గ ఆరి ఉండె. మెయిన్ పడ్డదేమో అని ఎత్తి పోయిన. సందీప్ పైనున్నడని నాకు తెల్వదు. ఇన్ని దినాలు భయపడి చెప్పలే. ఏమంటరో నన్ననున్రి."

బీరమ్మ కూర్చున్నచోటి నుంచి సగం లేచింది. రుచిత అతని వైపు తేరిపార చూసింది. ఆ చూపులో నమ్మకం లేదు, ఊపిరి మాత్రం తిరిగి వచ్చింది. అంతవరకు లెక్క సరిగ్గానే నడిచింది.

అప్పుడు అరుణ అరిచింది. అది మాట కాదు. మొదట కేక, దాని వెనుక మాటలు. "నువ్వా! నా తమ్ముణ్ణి సంపింది నువ్వా! ఇంట్ల నా పక్కన పండుకొని, బువ్వ తినుకుంట, నువ్వేనా మెయిన్ ఎత్తింది!" అంటూ అతని మీద పడి చొక్కా పట్టుకుని గుంజింది. నలుగురు ఆడవాళ్లు పట్టినా ఆగడం లేదు. మూసిన తలుపులను దాటిపోయే గొంతు ఆమెది.

కొడుకు పోయిన నాటి నుంచి లేవని రాధమ్మ, గోడ పట్టుకుని గడపలోకి వచ్చి నిలబడింది.

"ఏందే అరుణా, అల్లుని మీద చెయ్యెత్తుతున్నవ్? ఎవరన్న సూస్తె ఏమంటరు?"

"అమ్మా, ఈయన్నే మెయిన్ ఎత్తిండంట! తమ్ముడు పైన వైరు పట్టుకున్నప్పుడు ఈయనే ఎత్తిండంట! అందుకే తమ్ముడు పోయిండు!"

"అత్తమ్మా, నువ్వు లోపలికి నడువు," అన్నాడు విఠల్. అరుణ చేతులు విడిపించుకుని అటు ఉరకబోయాడు గాని ఆమె పట్టు వదల్లేదు. "నడువు, నేను చెప్త."

రాధమ్మ తల అడ్డంగా ఊపింది. అల్లుడి మీద అన్యాయంగా మాట పడుతుంటే ఊరుకునే మనిషి కాదామె.

"పిచ్చిదానా, అల్లుడు యాడ ఎత్తిండు? గాయన సామాను పెట్టి అప్పుడే పాయె. పోయినంక గద నాకు కన్నంటుకున్నది, లేసేసరికి బుగ్గ ఆరి ఉండె." అందరికీ వినపడేలా, నిదానంగా చెప్పింది. "మెయిన్ నేనెత్తిన. చేతులు తుడుసుకొని, చెప్పులు తొడుక్కొని, ఎండుకట్టెతోని. సందీపు ఎట్ల చూపిచ్చిండో గట్లనే..."

ఎవరూ 'ఔ' అనలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి అనే బీరమ్మ కూడా మొహం పక్కకు తిప్పుకుంది. రాధమ్మ ఒక్కొక్కరి మొహం చూస్తూ వచ్చింది. యాదన్నను, అరుణను. అరుణ చెయ్యి ఇంకా మొగుడి చొక్కా మీదే ఉంది గాని, గుంజడం ఆగిపోయింది. చివరికి అల్లుడి దగ్గర ఆమె చూపు నిలిచింది. అతను కళ్లు దించుకున్నాడు. ఆ మనిషి కళ్లు దించడం రాధమ్మ ఎప్పుడూ చూడలేదు.

ఆమె మెల్లగా తిరిగి అరుగు గోడ వైపు చూసింది. డబ్బా నుంచి పైకి పాకిన పైపును చూసింది. అది గోడ వెంట పోయి, మేడ అంచు దాటి, పైకి వెళ్లింది. ఇన్నేళ్లుగా ఆ గోడకు సున్నం వేసింది తనే. ఆ పైపు ఎక్కడికి పోతుందో మొదటిసారి చూస్తున్నట్టు, అది కనుమరుగయ్యేదాకా చూసింది.

"గిదీ, గదీ ఒక్కటేనా అల్లుడా?" అంది.

విఠల్‌కు కావలసింది ఒక్క అబద్ధం, ఇంకొక్కటి, వైరే కరాబుదన్నట్టుగా ఇంకొక్కటి. దానికోసం లోపలంతా తడుముకున్నాడు. ఏమీ మిగల్లేదు. ఆమెను కాపాడడానికి తాను పెట్టిన మాటే ఆమె చేతిలో ఆ ముడి విప్పి పెట్టింది. తాను నోరు మూసుకుని ఉంటే ఆమె ఎప్పటికీ ఎరగకపోయేది. రుచిత పోయేది. ఎటు తూచినా ఒకరు పోతారని ముందే తెలుసు గదా, మరి ఇద్దరినీ మిగుల్చుకోవచ్చని ఏ లెక్కన ఆశపడ్డాడు?

"చెప్పు బిడ్డా. ఒక్కటేనా?"

"ఒక్కటే అత్తమ్మా," అన్నాడు.

రాధమ్మ గడప మీదనే కూలబడింది. ఏడవలేదు. కుడిచెయ్యిని ఎడమచేతిలోకి తీసుకుని, ఎవరిదో వస్తువు తన ఒళ్లో పడ్డట్టు చూసుకుంటూ ఉంది. అరుణ "అమ్మా" అంటూ మొగుడి చొక్కా వదిలేసింది. యాదన్న తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

స్తంభం దగ్గరి నుంచి కదిలింది రుచిత. బరువుగా నడిచి వచ్చి, అత్త పక్కన కూర్చుంది. ఆమెను అనవలసిన మాటలు, అడగవలసిన లెక్కలు ఆ పిల్ల దగ్గర చాలానే ఉన్నాయి.

"బిడ్డా," అంది రాధమ్మ. "వాడు చెప్పినట్టే చేసిన గద. నేను ఏం తప్పు చేసిన? నువ్వు చెప్పు. యాడన్న తప్పు చేసిన్నా?"

"లేదత్తమ్మా." రుచిత ఆ కుడిచెయ్యిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఆయన ఎట్ల చెప్పిండో గట్లనే చేసినవ్. ఒక్కటి గూడ తప్పు చెయ్యలే."

"మరి?" అంది రాధమ్మ.